మే నెలలో ఒక ఎర్ర పదిహేను



మలికిపురంలో మా ఇంటి వీధి తలుపు వెనక ఒక మేకు ఉంది. దానికి పాత క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి వేలాడుతుంటాయి. ఏడాది అయిపోగానే తీసి పారేసే అలవాటు నాకు లేదు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, అంకెలున్న కాగితం పారెయ్యాలంటే చెయ్యి రాదు. పైగా మా ఇంట్లో క్యాలెండరు తిథులు చూసుకోవడానికే కాదు. గ్యాస్ బండ ఎప్పుడొచ్చింది, పాలబ్బాయి ఏ రోజు ఎగ్గొట్టాడు, కొబ్బరి దింపులో ఎన్ని కాయలొచ్చాయి, అన్నీ ఆ గళ్లలోనే రాసుకుంటాం.

మొన్న ఏదో వెతుకుతుంటే 2022 క్యాలెండరు చేతికొచ్చింది. మే నెల తిప్పాను. పదిహేను ఆదివారం, ఎర్ర అంకె. దాని కింద నా దస్తూరీ. ‘కాయలు 25’ అని ఒక వరస. ‘ఉప్పు 2’ అని రెండో వరస, పక్కన ప్రశ్నార్థకం. ఇంకా కింద, చోటు చాలక మూలకి ఇరికించి, ‘3–0’. ఆ మూడు వరసల సంగతి చెబుదామనే ఇవాళ ఇలా మీ ముందుకొచ్చాను. ముందు కాస్త ఊళ్లు తిరిగొద్దాం.

పేపర్లో ‘చరిత్రలో ఈ రోజు’ అని ఒక మూల వేస్తారు చూడండి, అది చదవందే నాకు కాఫీ రుచించదు. అందులో ఆటల కబుర్లుంటే కింద గీత గీసుకుంటాను. మే 15కి వచ్చేసరికి నా గీతలు చాలానే ఉన్నాయి. కానీ ఆ ఊళ్ల పేర్లు చూడండి: సౌథెండ్, షికాగో, గ్లాస్గో, హోవ్. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లొచ్చినట్టు వెళ్లొచ్చే ఊళ్లు కావవి. ఆటల చరిత్ర అంటే ఎవరో, ఎక్కడో, ఎప్పుడో చేసేది, మనం వినేది అన్నమాట. మా తరం అలాగే పెరిగింది.

సౌథెండ్ దగ్గర కాసేపు ఆగాలి. 1948 మే 15, శనివారం. డాన్ బ్రాడ్‌మన్ నాయకత్వంలో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండు పర్యటనకి వచ్చింది. ఆ రోజు ఎసెక్స్ కౌంటీ జట్టుతో మ్యాచ్. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం ఆట ముగిసేలోపు ఆస్ట్రేలియా వాళ్లు కొట్టిన పరుగులు 721. ఆరు గంటల ఆట అనుకోండి, గంటకి నూట ఇరవై, నిమిషానికి రెండు. బ్రాడ్‌మన్ 187, బిల్ బ్రౌన్ 153, లాక్స్‌టన్ 120, వికెట్ కీపర్ శాగర్స్ 104 నాటౌట్. ఫస్ట్ క్లాస్ క్రికెట్లో ఒక జట్టు ఒక్క రోజులో చేసిన పరుగుల్లో ఇప్పటికీ అదే పెద్ద లెక్క.

ఈ ముచ్చట చెప్పేవాళ్లు అక్కడితో ఆగిపోతారు. నాకు మాత్రం ఎసెక్స్ వాళ్ల మీదికి పోతుంది మనసు. ఆ రోజంతా బంతి వెనక పరుగెత్తినవాళ్లు వాళ్లు కదా. అయినా ఒక సంగతి మరిచిపోకూడదు. ఆ 721కి ఆస్ట్రేలియా ఆలౌట్ అయింది. పది వికెట్లూ ఒక్క రోజులోనే తీశారు! తరవాత వాళ్లు రెండుసార్లు కుప్పకూలి ఇన్నింగ్స్ 451 పరుగుల తేడాతో ఓడిపోయారనుకోండి, అది వేరే విషయం.

ఆ మ్యాచ్‌లోనే కీత్ మిల్లర్ ఉన్నాడు. ప్రపంచయుద్ధంలో విమానం నడిపి ప్రాణాలతో తిరిగొచ్చినవాడు. అప్పటికే స్కోరు 364కి రెండు వికెట్లు. క్రీజులోకి వచ్చాడు, ట్రెవర్ బెయిలీ వేసిన మొదటి బంతిని అడ్డుకోవాలన్న ప్రయత్నం కూడా చెయ్యలేదు, వికెట్లు పడ్డాయి, వెళ్లిపోయాడు. కావాలనే అవుటయ్యాడని చెప్పుకుంటారు. ఇలా చితకబాదడంలో ఆయనకి ఆట కనిపించలేదేమో. ఆ రోజు సెంచరీలు కొట్టిన నలుగురి కంటే సున్నాకి వెళ్లిపోయిన మిల్లరే నాకు గుర్తుంటాడు. లెక్కల మాస్టారికి సున్నా మీద మమకారం ఎక్కువ, ఏం చెయ్యమంటారు.

దానికి ఏడేళ్ల ముందు, 1941లో, అదే మే 15న అమెరికాలో ఇంకోటి జరిగింది. నిజానికి జరిగిందని ఆ రోజు ఎవరికీ తెలీదు. అదీ తమాషా. బేస్‌బాల్ అని మన క్రికెట్‌కి దూరపు చుట్టం ఒకటుంది. న్యూయార్క్ యాంకీస్ జట్టులో జో డిమాజియో అనే ఆటగాడు ఆ రోజు ఒకే ఒక్క హిట్ కొట్టాడు. జట్టు 13–1 తేడాతో చిత్తుగా ఓడింది. చూడ్డానికి వచ్చినవాళ్లు విసుక్కుంటూ ఇళ్లకి పోయుంటారు. మర్నాడు మళ్లీ హిట్ కొట్టాడు. ఆ తరవాత మ్యాచ్‌లో మళ్లీ. అలా వరసగా 56 మ్యాచ్‌లు, జూలై 17న క్లీవ్‌లాండ్‌లో ఆగేదాకా. ఇప్పటికీ ఆ వరసని ఎవరూ దాటలేదు. అప్పుడు వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్తే మొదటి మెట్టు మే 15 అని తేలింది. అంటే ఆ తేదీ గొప్పదని రెండు నెలల తరవాత తెలిసిందన్నమాట. మనకీ అంతే. ఇవాళ మీ ఊరి స్కూలు మైదానంలో ఎవరు మొదటిసారి బ్యాటు పట్టుకున్నారో ఎవరు చూడొచ్చారు.

షికాగోది క్షణాల ముచ్చట. 1953లో రాకీ మార్సియానో, జెర్సీ జో వాల్కాట్‌ల బాక్సింగ్ పోటీ. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లినవాళ్లు సరిగ్గా సర్దుకుని కూర్చునేలోపే, మొదటి రౌండులోనే వాల్కాట్ నేల మీదున్నాడు. గ్లాస్గోది 2002. రియల్ మాడ్రిడ్ తరఫున జిదాన్ గాల్లోంచి దిగుతున్న బంతిని ఎడంకాలితో అందుకుని గోల్లోకి కొట్టాడు. ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు ఇప్పటికీ ఆ తన్ను గురించి తల ఊపుతూ మాట్లాడుకుంటారు. 2004లో ఇదే రోజున ఆర్సెనల్ జట్టు ఇంగ్లండు లీగులో 38 మ్యాచ్‌లూ ఓటమి లేకుండా ముగించింది. ఇవన్నీ నేను పేపర్లో చదివి గీతలు గీసుకున్నవే, చూసినవి కావు.

హోవ్ మాత్రం చూశాను. 1999 ప్రపంచకప్. మే 15న మనవాళ్లకి దక్షిణాఫ్రికాతో మొదటి మ్యాచ్. కెప్టెన్ మన హైదరాబాదు అజహరుద్దీన్. గంగూలీ 97 పరుగులు చేసి రనౌటయ్యాడు. అయ్యో అనుకున్నాం ఇంటిల్లిపాదీ. మనవాళ్లు 253 చేస్తే వాళ్లు నాలుగు వికెట్లుండగా కొట్టేశారు. కానీ ఆ మ్యాచ్ చరిత్రకెక్కింది ఓటమి వల్ల కాదు, చెవి వల్ల. దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే, బౌలర్ డోనాల్డ్ చెవుల్లో చిన్న యంత్రాలు పెట్టుకుని మైదానంలోకి దిగారు. బయట కూర్చున్న కోచ్ బాబ్ వూమర్ చెబుతుంటే లోపల వీళ్లు వింటున్నారు. వద్దని నిబంధనల్లో అప్పటికి ఎక్కడా లేదు. మ్యాచ్ రెఫరీ తలత్ అలీ మంచినీళ్ల విరామంలో వాటిని తీయించేశాడు. తరవాత వాటిని నిషేధించారు. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఈ మాట అనకుండా ఉండలేను: చెవిలో రేడియో పెట్టుకుని ఆడాలనుకున్న కెప్టెన్ చరిత్ర మొత్తంలో ఆయనొక్కడేనేమో! మరుసటి ఏడు ఆయన పేరు వేరే కారణంతో మోగిపోయింది, ఆ ఊసు ఇప్పుడెందుకులెండి.

ఇక్కడ మా ఆవిడ ఒక పుల్ల వేసింది. ఈ ప్రసంగం కాగితం మీద రాసుకుని ఆవిడకి చదివి వినిపిస్తుంటే, “మీరు చెప్పేవన్నీ ఇంగ్లీషు తేదీ లెక్క కదండీ, తిథి ప్రకారం చూస్తే ఇవన్నీ ఒక రోజువి ఎలా అవుతాయి?” అంది. పాయింటే. మన అంతర్వేది రథోత్సవం ఏటా భీష్మ ఏకాదశికే, ఇంగ్లీషు తేదీ మాత్రం ఏటా మారుతుంది. పెద్దవాళ్ల తద్దినాలూ అంతే. తిథుల లెక్కన బ్రాడ్‌మన్‌ని, జిదాన్‌ని ఒక గదిలో కూర్చోబెట్టలేం. అంతెందుకు, ఇంగ్లీషు తేదీకైనా ఒక మాట మీద నిలకడ ఉందా? ఆస్ట్రేలియా క్రికెటర్ ఆండ్రూ సైమండ్స్ కారు ప్రమాదంలో పోయింది 2022 మే 14 శనివారం రాత్రి. మనకి ఆ కబురు తెలిసింది 15 ఆదివారం తెల్లవారాక. కాబట్టి నా క్యాలెండర్లో అది పదిహేనులోనే ఉంది. సైమండ్స్ మనకి పరాయివాడేం కాదు. హైదరాబాదు డెక్కన్ ఛార్జర్స్‌లో ఆడాడు, 2009లో ఆ జట్టు ఐపీఎల్ గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. ఆ ఆదివారం పొద్దున మా అరుగు మీద ఆ మాటే నడిచింది. నలభై ఆరేళ్లు, పోయే వయసా అది.

ఇక మా ఎర్ర పదిహేనుకి వద్దాం.

శుభకృత్ నామ సంవత్సరం, వైశాఖం. మర్నాడు బుద్ధపూర్ణిమ. అసని తుపాను మా పక్క తీరానికొచ్చి అప్పటికి నాలుగు రోజులే అయింది. గాలివానకి తోటల్లో కాయ చాలా రాలిపోయింది. ఆవకాయకి రాలిన కాయ పనికిరాదు, దెబ్బ తగిలితే ముక్క మెత్తబడుతుంది. చెట్టునున్న కాయే కోయించాలి. తెలిసినవాళ్ల తోటలోంచి కొత్తపల్లి కొబ్బరి మామిడి పాతిక కాయలు తెప్పించాం. తుడిచి, పెచ్చుతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసి, పొర గోకి, పాత పంచె మీద ఆరబెట్టాం. మా ఆవిడ హాల్లో చాప మీద పెద్ద బేసిన్ పెట్టుకుని కూర్చుంది. ఒక పక్క ఆవపిండి, ఒక పక్క కారం, ఒక పక్క ఉప్పు, వెనక పప్పునూనె డబ్బా. ఎన్ని తవ్వలు పోసిందో లెక్కపెట్టడం ఏటా నా ఉద్యోగం. ఆవిడ పోస్తుంది, నేను క్యాలెండరు మీద గీత పెడతాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే ఏర్పాటు, ఒక్క ఏడూ తప్పలేదు.

మనవడు వేసవి సెలవులకి వచ్చి ఉన్నాడు. పదకొండున్నరకి ఫోను తెచ్చి నా మోకాలి మీద పెట్టి, “తాతయ్యా, థామస్ కప్ ఫైనలు” అన్నాడు.

థామస్ కప్ అంటే మగవాళ్ల బ్యాడ్మింటన్‌కి ప్రపంచకప్ లాంటిది. ఆ పేరు గల సర్ జార్జ్ థామస్ చిత్రమైన మనిషి. బ్యాడ్మింటన్‌లో ఆల్ ఇంగ్లండ్ విజేత, చదరంగంలో కాపబ్లాంకాని, బొట్విన్నిక్‌ని ఒకే పోటీలో ఓడించినవాడు. ఆయన ఇచ్చిన కప్పు కోసం 1949 నుంచీ దేశాలు కొట్టుకుంటున్నాయి. ఇండోనేషియా పద్నాలుగుసార్లు పట్టుకుపోయింది. మనం డెబ్బై మూడేళ్లలో ఫైనలు గుమ్మం తొక్కిందే లేదు. ఆ ఏడు బ్యాంకాక్‌లో క్వార్టర్ ఫైనల్లో మలేషియాని 3–2తో, సెమీస్‌లో డెన్మార్క్‌ని 3–2తో దాటి వచ్చారు. రెండుసార్లూ చివరి మ్యాచ్ ప్రణయ్ గెలిపించాడు. డెన్మార్క్ మీదైతే చీలమండ బెణికినా ఆడి మరీ గెలిచాడు.

ఫైనల్లో ఎదురైంది ఆ ఇండోనేషియాయే. మనవైపు నుంచి మొదట లక్ష్య సేన్. గింటింగ్ చేతిలో మొదటి గేమ్ 8–21తో పోయింది. మావాడి మొహం మాడిపోయింది. తరవాత 21–17, 21–16. ఒకటి మనది.

రెండోది డబుల్స్. ఒక పక్క చిరాగ్ శెట్టి, ముంబై కుర్రాడు. రెండో పక్క రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, అమలాపురం. మా మలికిపురంలో బస్సెక్కి రాజోలు, తాటిపాక, మామిడికుదురు మీదుగా వెళ్లి, వైనతేయ మీద వంతెన దాటితే అమలాపురం. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, తానూ రాకెట్టు పట్టినవాడు. కుర్రాడు 2014లో హైదరాబాదు గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. ఆ పేరు తెరమీద కనిపించగానే మా ఆవిడ కూడా తవ్వ చేత్తో పట్టుకుని ఇటు తిరిగింది. మా కోనసీమ జిల్లా అయ్యి అప్పటికి ఆరు వారాలు కూడా నిండలేదండి. ఏప్రిల్ 4న పుట్టిన జిల్లా, మే 15కి బ్యాంకాక్‌లో ఆడుతోంది.

ఇక్కడ ఒక మాట. మా చిన్నప్పుడు ఈ లంకల్లో బ్యాడ్మింటన్ అంటే బాల్ బ్యాడ్మింటనే. పసుపుపచ్చ ఉన్ని బంతి, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. కొబ్బరిచెట్ల మధ్య చదును చేసి ముగ్గుతో గీతలు గీసేవాళ్లం. ఈకల కాక్ మాకు అచ్చిరాలేదు. దాని బరువు అయిదు గ్రాములు అటూ ఇటూ. కార్క్ బెండుకి పదహారు ఈకలు గుచ్చి, దారంతో కట్టి, జిగురు పెడతారు. సాయంత్రం సముద్రపు గాలి తిరిగిందంటే మనం ఒక పక్క కొడితే అది పక్కవాళ్ల పెరట్లో దిగుతుంది. అలాంటి గాలి ఉన్న సీమలో పుట్టినవాడు, గాలి చొరబడని హాల్లో, ఆ అయిదు గ్రాముల ఈకల కాక్‌ని గంటకి 565 కిలోమీటర్ల వేగంతో కొట్టాడు. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో కొలిచి గిన్నిస్ పుస్తకంలో రాసుకున్న లెక్క అది. మా రాజోలు బస్సు అందులో పదో వంతు అందుకుంటే లోపల వాళ్లు నరసింహస్వామికి మొక్కుకుంటారు.

మళ్లీ బ్యాంకాక్‌కి. అవతల అహ్సాన్, కెవిన్ సంజయ. ఇద్దరూ ఎవరి జోడీలో వాళ్లు ప్రపంచాన్ని ఏలినవాళ్లు, ఆ రోజుకి కలిసి దిగారు. మొదటి గేమ్ వాళ్లది, 21–18. రెండో గేమ్‌లో ఒక్క పాయింటు వస్తే మ్యాచ్ వాళ్లదే అన్న ఘట్టం ఒకసారి కాదు, నాలుగుసార్లు వచ్చింది. మొదటిసారి మనవడు నా తొడ గిల్లాడు. రెండోసారి నేను కళ్లజోడు తీసేశాను. మూడోసారి సిగ్నలు పోయి ఫోన్లో చక్రం తిరగడం మొదలెట్టింది. సాత్విక్ రాకెట్టు ఎత్తి గాల్లో బిగుసుకుపోయాడు. మావాడు ఫోను పట్టుకుని వాకిట్లోకి, అక్కణ్ణుంచి కొట్టం దగ్గరికి పరుగెత్తాడు. వాడి వెనక నేను, చేతిలో పెన్సిలు.

లోపల్నుంచి మా ఆవిడ కేకేసింది. “ఏవండీ! ఉప్పు ఎన్ని తవ్వలయింది?”

తలుపు వెనక క్యాలెండరు కేసి తొంగి చూశాను. ఉప్పు వరసలో ఒక్క గీత ఉంది. “ఒకటి” అన్నాను.

ఆవిడ ఇంకో తవ్వ పోసింది.

సిగ్నలు వచ్చేసరికి రెండో గేమ్ మనది, 23–21. మూడోది 21–19. కొట్టం దగ్గర నిలబడే చూశాం. చివరి పాయింటుకి మావాడు అరిచిన అరుపుకి గేదె తాడు తెంపుకుంది.

ఆ తరవాత మూడో మ్యాచ్‌కి కిదాంబి శ్రీకాంత్ దిగాడు. గుంటూరువాళ్లు మావాడంటారు, వాళ్లకీ హక్కుంది. కానీ ఆయన పుట్టింది మా రావులపాలెంలో. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి కోనసీమలో కాలు పెట్టగానే అరటి గెలల లారీలతో స్వాగతం చెప్పే ఊరు. 2018లో ప్రపంచ నంబర్ వన్ అయినవాడు. ఆ తరవాత కొన్నాళ్లు వెనకబడి, 2021 చివర్లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతంతో మళ్లీ లేచినవాడు. బ్యాంకాక్‌లో ఆ పోటీ మొత్తమ్మీద ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. క్రిస్టీ మీద 21–15, 23–21. జట్టంతా కోర్టులోకి పరుగెత్తి ఆయన మీద పడిపోయింది. నాలుగో మ్యాచ్, అయిదో మ్యాచ్ అవసరమే లేకపోయింది. ప్రణయ్ బెంచీ మీంచి కదలక్కర్లేదు. 3–0.

మూడు గెలుపుల్లో రెండిట్లో కోనసీమలో పుట్టినవాళ్లున్నారు. ఈ లెక్క ఎవరూ పేపర్లో వెయ్యలేదు, వెయ్యాల్సినంత పెద్ద లెక్క కూడా కాదేమో. అల్మోరా కుర్రాడు లక్ష్య మొదలుపెట్టకపోతే, ముంబై కుర్రాడు పక్కన నిలబడకపోతే, తిరువనంతపురం కుర్రాడు ప్రణయ్ కుంటుతూ సెమీస్ దాటించకపోతే, ఆ ఫైనలే లేదు. నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రం అరుగు మీద మేం మాట్లాడుకున్నది మాత్రం అమలాపురం, రావులపాలెం గురించే. సౌథెండ్, షికాగోల పక్కన పెట్టుకోవడానికి మాకూ రెండు ఊళ్లు దొరికాయి.

ఆ తరవాత సాత్విక్, చిరాగ్ చాలా గెలిచారు. 2023 అక్టోబరు 7న ఆసియా క్రీడల్లో స్వర్ణం, మరో మూడు రోజులకి ప్రపంచ నంబర్ వన్. అవి వేరే క్యాలెండర్లో వేరే గళ్లు. గీతలు గీసుకున్నాను.

ఉప్పు సంగతి మిగిలిపోయింది. నేను వాకిట్లోకి పరుగెత్తినప్పుడే ఆవిడ రెండో తవ్వ పోసేసిందట. నా గీత పడలేదు. నేను ఒకటి అన్నాక పోసింది మూడోది. సాయంత్రం లెక్క సరిచూస్తే అనుమానం వచ్చి ‘2’ పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. మూడో రోజు తిరగకలిపి రుచి చూసినప్పుడు అనుమానం తీరింది. మా ఆవిడ నన్నేమీ అనలేదు. ఆ ఏడంతా జాడీ తీసినప్పుడల్లా ఒకసారి నాకేసి, ఒకసారి క్యాలెండరు కేసి చూసేది, అంతే.

సంక్రాంతికి పిల్లలొచ్చారు. విస్తట్లో వేడన్నం, నెయ్యి, ఆవకాయ. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, మంచినీళ్ల గ్లాసు అందుకుంటూ మనవడు అన్నాడు:

“తాతయ్యా, ఇరవై మూడు – ఇరవై ఒకటి.”